పాతవారికి సగటు రేటింగ్, కొత్తవారికి ఎక్కువ జీతం – ఇదేం లెక్క?

తుమ్మెద (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నిన్న మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో అప్రైజల్ లెటర్లు (ఏడాది పనికి రేటింగ్, జీతం పెంపు చెప్పేవి) ఇచ్చారు. నాకు ఐదుకు మూడు. హైక్ ఎంతో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఇంటద్దె పెరిగినంత కూడా లేదు. క్యాంపస్ నుంచి నేరుగా ఇక్కడే చేరాను, మరో కంపెనీ గుమ్మం తొక్కలేదు. 2022లో మా టీమ్‌లో సగం మంది ఆఫర్లు పట్టుకుని వెళ్లిపోతే, వారు చూసే సాఫ్ట్‌వేర్ భాగాలు, అంటే మాడ్యూళ్లు కూడా నెత్తిన వేసుకుని రిలీజులు ఆగకుండా చూసినవారిలో నేనొకదాన్ని. "మీ మేలు కంపెనీ మరిచిపోదు" అన్నారు అప్పటి మేనేజర్. గుర్తుపెట్టుకోవడానికి ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు, ఆయనా వేరే కంపెనీకి వెళ్లిపోయారు.

కొత్త మేనేజర్ మాట ఇది: "మీ పనికి వంక పెట్టలేను. కానీ పైవారికి మీరెవరో తెలియదు." నిరుడు చేరిన అమ్మాయికి పని నేర్పింది నేనే. ఆమె జీతం నాకన్నా ఎక్కువని మొన్న మాటల్లో బయటపడింది. ఆమె మీద నాకు కోపం లేదు. పద్ధతిగా మసలుకోవడం, ఒకచోట నిలబడి పనిచేయడం, వీటికి ఆ ఫారంలో ఎక్కడైనా గడి ఉందా?

మిర్చిబజ్జీ (బెంగళూరు)

ఉందండి. కాకపోతే అది పక్క కంపెనీవారి ఆఫర్ లెటర్‌లో ఉంటుంది.

వేళాకోళం అనుకోకండి. నేను మూడు కంపెనీలు మారాను. మారిన ప్రతిసారీ వచ్చినంత పెంపు ఏ అప్రైజల్‌లోనూ రాలేదు. ఉన్నచోటే ఉండేవారు ఎటూ పోరని యాజమాన్యానికి తెలుసు. పోనివారికి ఎవరైనా ఎందుకు ఎక్కువ ఇస్తారు?

పసుపుకొమ్ము (హైదరాబాద్, హెచ్‌ఆర్)

మిర్చిబజ్జీ గారు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను, ఎందుకంటే ఏటా ఆ షీట్లు తయారుచేసేది నాలాంటివారే.

కొత్తవారి జీతం, పాతవారి హైక్ వేర్వేరు పద్దుల్లోంచి వస్తాయి. కొత్తగా తీసుకునేటప్పుడు ఆ రోజు మార్కెట్‌లో ఆ నైపుణ్యానికి ఎంత పలుకుతోందో అంత ఇవ్వక తప్పదు, ఇవ్వకపోతే మనిషి రాడు. పాతవారి పెంపు అలా కాదు. మొత్తం జీతాల బిల్లు మీద ఇంత శాతం అని ఆర్థిక విభాగం ముందే గీత గీస్తుంది. ఆ గీత లోపలే అందరికీ సర్దాలి. 2022లో ఉద్యోగుల వలసలు ఎలా ఉన్నాయో గుర్తుందిగా, ఆ ఏడాది జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్ ప్రకటించిన వలస రేటే (ఏడాదిలో కంపెనీ వదిలి వెళ్లినవారి వాటా) 28.4 శాతం. ఖాళీలు నింపడానికి అందరూ ఎగబడ్డారు. ఆ ధరలకు చేరినవారికీ, అంతకుముందు నుంచి ఉన్నవారికీ మధ్య పడిన తేడా చాలా చోట్ల ఇప్పటికీ పూడలేదు.

ఇక రేటింగ్. మీ మేనేజర్ వేసేది ప్రతిపాదన మాత్రమే. అసలు తీర్మానం నార్మలైజేషన్ సమావేశంలో, అంటే అన్ని టీముల రేటింగులూ పక్కపక్కన పెట్టి సర్దే చోట జరుగుతుంది. స్క్రీన్ మీద ఎక్సెల్ షీటు. పేరు, నిరుటి రేటింగ్, మేనేజర్ అడిగిన రేటింగ్, చివర ఖాళీ గడి. ఒక్కో పేరుకు నిమిషం, రెండు నిమిషాలు. "నాలుగులు ఎక్కువయ్యాయి, ముగ్గురిని తగ్గించండి" అని పైనుంచి మాట వస్తుంది. ఎవరిని తగ్గిస్తారు? ఎవరి పేరు చదివినప్పుడు గదిలో రెండో గొంతు లేవదో, వారిని. తమ మేనేజర్ కాక ఇంకొకరు "ఆ అమ్మాయా, మా రిలీజుకు కూడా సాయం చేసింది" అన్నారంటే ఆ పేరు గట్టెక్కుతుంది.

బెల్ కర్వ్ (ఏ రేటింగ్ ఎంతమందికి ఇవ్వాలో ముందే కోటా పెట్టే పద్ధతి) పోయిందిగా అంటారు కొందరు. మైక్రోసాఫ్ట్ 2013లోనే తీసేసింది, తర్వాత చాలా కంపెనీలు ఆ బాట పట్టాయి. పోయింది పేరు. బడ్జెట్ గీత అలాగే ఉంది కాబట్టి ఆకారమూ మిగిలే ఉంది.

పాతఫైలు (విజయవాడ)

అమ్మా తుమ్మెద, నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మా లోకం వేరు, కానీ నీ ప్రశ్నకు జవాబు అక్కడ కాస్త స్పష్టంగా కనబడుతుంది, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మా రోజుల్లో దాన్ని కాన్ఫిడెన్షియల్ రిపోర్టు అనేవాళ్లం. పై అధికారి ఏడాదికోసారి రాసి కవరులో పెట్టి పంపేవారు. మరీ చెడుగా రాస్తే తప్ప మనకు తెలిపేవారు కాదు. దాంతో ఏమయ్యేదో దేవ్ దత్ కేసు చూస్తే తెలుస్తుంది. ఆయన సరిహద్దు రహదారుల ఇంజినీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. సూపరింటెండింగ్ ఇంజినీరు పదోన్నతికి వరుసగా ఐదేళ్లు 'వెరీ గుడ్' ఉండాలి. 1993-94లో మాత్రం 'గుడ్' అని పడింది. అది చెడ్డ మాట కాదు కాబట్టి తెలపాల్సిన పని లేదన్నారు. ఆ ఒక్క మాటతో పదోన్నతి ఆగింది. తనకు ఆ సంగతి తెలియనే తెలియదు! 2008 మే 12న సుప్రీంకోర్టు తేల్చింది: మంచిదైనా, చెడ్డదైనా, మధ్యస్థమైనా ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలపాల్సిందే, మార్చమని అడిగే అవకాశం ఇవ్వాల్సిందే. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఇదే ఖాయం చేసింది.

ఈలోగా 2009 మేలో సిబ్బంది వ్యవహారాల శాఖ ఉత్తర్వు వచ్చి, రహస్య నివేదిక కాస్తా ఏపీఏఆర్ (వార్షిక పనితీరు మదింపు నివేదిక) అయింది. ఇప్పుడు నివేదిక మొత్తం ఉద్యోగి చేతికి ఇస్తారు. అభ్యంతరం చెప్పడానికి 15 రోజులు. మార్కుల లెక్క కూడా బయటిదే: చేసిన పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, వృత్తి సామర్థ్యానికి 30. ఆ నడిమి 30లోనే క్రమశిక్షణ, బాధ్యత, నలుగురితో కలిసి పనిచేయడం వంటివన్నీ వస్తాయి. అంటే ప్రవర్తనకు గడి ఉంది, దాదాపు మూడో వంతు. నిజాయతీకి విడిగా గడి ఉంది.

విధేయతకు మాత్రం లేదు, ఉండకూడదు కూడా. 1964 నాటి ప్రవర్తన నియమావళి మూడో నియమం సంపూర్ణ నిజాయతీ అడిగింది, విధి పట్ల అంకితభావం అడిగింది. అధికారి పట్ల భక్తిని అడగలేదు. అదే నియమంలో ఇంకోటి ఉంది: నోటిమాటగా ఆదేశమిస్తే అధికారి దాన్ని తర్వాత కాగితం మీద ఖాయం చేయాలి, ఉద్యోగి అలా అడిగి తీసుకోవాలి. అడిగినవారికి ఏం గ్రేడు పడేదో నేను చెప్పక్కర్లేదు.

మిర్చిబజ్జీ

పాతఫైలు గారూ, నియమం అంత చక్కగా ఉంటే సాయంత్రాలు అధికారి ఇంటికి కూరగాయలు మోసినవారికి 'అవుట్‌స్టాండింగ్' ఎలా పడేదండి?

పాతఫైలు

ఆ కూరగాయలు నడిమి 30లోకి చేరేవి నాయనా. పనికి 40లో పెద్దగా కల్పించలేరు, ఫైళ్లు సాక్ష్యం ఉంటాయి. "వైఖరి", "వ్యక్తిత్వం" అన్న వరసల దగ్గర కలం కాస్త ధారాళంగా నడుస్తుంది.

రెండోషిఫ్టు (పాశమైలారం)

నేను బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ఇక్కడ అందరూ రేటింగ్ తీసుకునేవారి వైపు నుంచి మాట్లాడుతున్నారు. వేసేవాడి వైపు నుంచి ఒకటి చెబుతాను.

నా కింద ఇద్దరు కెమిస్టులు. ఒక రాత్రి మొదటివాడి షిఫ్టులో రియాక్టర్ ఉష్ణోగ్రత పరిమితి దాటి కాసేపు పైకి పోయింది. బ్యాచ్ రికార్డులో 55 నుంచి 60 డిగ్రీలని ఉంటే 63 చూపించింది. అతను ఉన్నది ఉన్నట్టు రాశాడు, సమయం వేసి సంతకం పెట్టాడు, నాకు ఫోన్ చేశాడు, డీవియేషన్ ఫారం (పరిమితి తప్పిన సంగతి నమోదుచేసేది) తీశాడు. క్వాలిటీవారు బ్యాచ్‌ను ఆపారు. విచారణ, అదనపు పరీక్షలు, డిస్పాచ్ ఆలస్యం, పైనుంచి నాకు చీవాట్లు. చివరికి సరుకు బాగానే ఉందని తేలి విడుదలైంది.

రెండోవాడి రికార్డులు ఎప్పుడు చూసినా అద్దంలా ఉండేవి. ప్రతి రీడింగూ 57, 58. ఏడాదంతా ఒక్క డీవియేషనూ లేదు. ఈ పనిలో నలిగినవారికి అర్థమవుతుంది, అంత శుభ్రంగా ఏ రియాక్టరూ నడవదు.

ఏడాది చివర మా షీటులో డీవియేషన్ల సంఖ్యకు ఒక వరస ఉంటుంది. దాని ప్రకారం మొదటివాడు బలహీనుడు, రెండోవాడు మెరుగు. పైగా రెండోవాడు మాటకారి, ఎదురు చెప్పడు, పండగకు అందరికంటే ముందు నమస్కారం పెడతాడు. "ఇతను మన మనిషి" అన్నారు మా మేనేజర్. నేను అడిగాను, రేపు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి యంత్రం దానంతట అదే గీసే రికార్డర్ చార్టునూ, చేత్తో రాసే బ్యాచ్ రికార్డునూ పక్కపక్కన పెడితే ఎవరు మన మనిషి అవుతారని. ఆ ఒక్క ప్రశ్నకు మొదటివాడిని ఒక మెట్టు పెంచారు. రెండోవాడిని తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

కాబట్టి తుమ్మెద గారూ, గడి ఉందా అని కాదు, విధేయత ఎవరికి అన్నది చూడండి. కంపెనీకి చేసే మేలు చాలాసార్లు రేటింగ్ వేసేవారికి తలనొప్పిగా వస్తుంది. తలనొప్పి తేనివారే వారికి నమ్మకస్తులుగా కనబడతారు.

మిర్చిబజ్జీ

ఆ మొదటి కెమిస్టు ఇప్పుడు ఎక్కడున్నారండి?

రెండోషిఫ్టు

వేరే కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. మీరు నవ్వుకోవచ్చు.

నల్లబల్ల (గుంటూరు)

మీ అందరికీ కనీసం ఫారం అంటూ ఒకటి ఉంది. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. మా అప్రైజల్ ఎండాకాలంలో జరుగుతుంది, అదీ రోడ్డు మీద. ఏప్రిల్, మే నెలల్లో పదో తరగతి రాసిన పిల్లల ఇళ్లకు తిరిగి అడ్మిషన్లు తేవాలి. కరపత్రాలు, ఫోన్ నంబర్ల జాబితా, తల్లిదండ్రుల ముందు చేతులు కట్టుకుని నిలబడటం. జూన్‌లో జీతం గురించి మాట్లాడటానికి పిలిచి మొదట అడిగేది "ఎన్ని సీట్లు నింపారు?" అని. పాఠం ఎలా చెప్పానన్నది పిల్లల ర్యాంకులు వచ్చాక చూస్తారు, ర్యాంకులు వస్తే ఫ్లెక్సీ మీద కాలేజీ పేరు, రాకపోతే నా పేరు.

విధేయతకు హామీ అంటారా, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నాయి.

చాక్‌పీసు_మాస్టారు (విశాఖపట్నం)

మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పినవాడిని కాబట్టి రెండు మూడు సంగతులు కలుపుతాను. పుస్తకాల వాసన వస్తే మన్నించండి.

రెండోషిఫ్టు గారి రెండో కెమిస్టుకు జరిగినదాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లోనే పట్టుకున్నాడు. సైన్యంలో పై అధికారులు కిందివారికి తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, శీలం అంటూ విడివిడిగా వేసిన మార్కులు చూస్తే, అవి విడివిడిగా లేవు. ఒకదాంట్లో బాగున్నవాడు అన్నింటిలోనూ బాగున్నాడు. మొత్తం మీద మంచివాడన్న ఒక్క అభిప్రాయమే అన్ని గడుల్లోకీ పాకింది. నూరేళ్లు దాటినా ఆ జబ్బుకు మందు దొరకలేదు.

రెండోది, తుమ్మెద గారికి సంబంధించినది. ఉద్యోగ వివరణలో లేకపోయినా తోటివారికి సాయపడటం, కొత్తవారికి నేర్పడం వంటి ప్రవర్తన మీద డెనిస్ ఆర్గన్ అనే పరిశోధకుడు 1980లలో చాలా పనిచేశారు. రేటింగ్ వేసేవారు దీన్ని గమనిస్తారు, మార్కుల్లో కలుపుతారు కూడా. కానీ అందరికీ ఒకేలా కలపరు. 2005లో మాడెలిన్ హైల్‌మన్, జూలీ చెన్ చేసిన పరిశోధనలో, అదే సాయం మగవాడు చేస్తే అతని మీద అభిప్రాయం మెరుగైంది, ఆడమనిషి చేస్తే మారలేదు. ఆమె చేయకపోతే మాత్రం తగ్గింది. ఆమె చేయడం మామూలే అనుకుంటారన్నమాట. అమ్మాయికి పని నేర్పానన్నారు కదా, అది మీ ఫారంలో ఎక్కడైనా రాశారా?

తుమ్మెద

రాయలేదండి. అది పనిలో భాగమే అనుకున్నాను. మా టీమ్ పుట్టినరోజుల కేకులూ, వీడ్కోలు సభలూ చూసేది కూడా నేనే. ఇప్పుడు మీరు చెబుతుంటే ఒళ్లు మండుతోంది.

గోంగూర_డాలస్ (టెక్సస్)

ఇక్కడ ఒక మాట. అమెరికాలో మేనేజర్లు మన తెలుగువాళ్లను నమ్మకస్తులని, స్థిరంగా ఉంటారని మెచ్చుకుంటారు. ఆ స్థిరత్వంలో వీసా వాటా ఎంతో అడగరు. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. పిల్లల బడి, ఇంటి అప్పు, గ్రీన్‌కార్డు వరస అన్నీ ఒక మేనేజర్ సంతకానికి వేలాడుతుంటే ఎవరు ఎదురు చెబుతారు? రేటింగ్ తగ్గినా థ్యాంక్యూ అని మెయిల్ పెట్టి ఇంటికి వస్తాం.

చాక్‌పీసు_మాస్టారు

ఇలా ఒకచోట ఉండిపోవడాన్నే మేయర్, ఆలెన్ అనే పరిశోధకులు 1991లో మూడుగా విడదీశారు. ఇష్టపడి ఉండటం, పోతే నష్టమని ఉండటం, ఉండటం ధర్మమనుకుని ఉండటం. రేటింగ్ వేసేవారికి మూడూ ఒకేలా కనబడతాయి. ఫలితం మాత్రం ఒకేలా ఉండదు. ఇష్టంతో ఉన్నవారే ఒక చేయి అదనంగా వేస్తారు. పోలేక ఉన్నవారు అడిగినంత చేస్తారు. నల్లబల్ల గారి బీరువా రెండో రకాన్నే తయారుచేస్తుంది. ఆ యాజమాన్యానికి అదే చాలనుకుంటాను.

మిర్చిబజ్జీ

ఇంత చర్చ తర్వాత కూడా నా మాట మారలేదు. ఒకచోట ఉన్నందుకు పైసా రాదు.

పాతఫైలు

పైసా రాదంటే ఒప్పుకోను. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఉంది. 1972 చట్టంతో వచ్చింది, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. ఐదేళ్లు నిండితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం. నెలను 26 రోజులుగా లెక్క కడతారు. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే చివరి నెల జీతం 52,000 అనుకో, ఏడాదికి 30,000 చొప్పున పదేళ్లకు మూడు లక్షలు. ఏ మేనేజర్ దయా అక్కర్లేదు, ఏ రేటింగూ అడగరు. రెండు మూడేళ్లకోసారి మారేవారు దీన్ని వదులుకుంటూ పోతారు. మారడం తప్పని అనను, లెక్కలో ఇదీ వేసుకో అంటున్నాను.

రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయుల సంగతి ఇంకా వేరు. ఏటా ఇంక్రిమెంటు దానంతట అదే పడుతుంది, పదోన్నతి రాకపోయినా ఆరేళ్లకోసారి పై జీతపు మెట్టు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు ఉన్నాయి. అక్కడ కాలానికే విలువ, బాగా పాఠం చెప్పేవారికీ చెప్పనివారికీ ఒకే మెట్టు. అదీ న్యాయం కాదని మా తోడల్లుడు, ఆయన హెడ్‌మాస్టరు, ఎప్పుడూ గొణుగుతుంటాడు.

తుమ్మెద

ఇప్పుడు నేను ఏం చేయాలో చెప్పండి. లెటర్ పోర్టల్‌లో ఉంది. "అంగీకరిస్తున్నాను", "అంగీకరించడం లేదు" అని రెండు బటన్లు, కింద ఒక పెట్టె. శుక్రవారం లోపు నొక్కాలి.

పసుపుకొమ్ము

"అంగీకరించడం లేదు" నొక్కండి. దాంతో ఉద్యోగానికి ముప్పు వస్తుందని భయపెట్టేవారుంటారు, సాధారణంగా అలా జరగదు. పెట్టె ఖాళీగా వదిలినా, కోపంగా నింపినా మాత్రం ఫలితం ఉండదు.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలా ఉంటాయి: "నేను ఏళ్ల తరబడి ఎంతో కష్టపడ్డాను, నాకు అన్యాయం జరిగింది." దాన్ని చదివి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇలా రాయండి: "ఫలానా నెల నుంచి నా మాడ్యూల్‌తో పాటు మరో రెండింటి రిగ్రెషన్ పరీక్షలు (మార్పుల వల్ల పాతవి చెడ్డాయేమో చూసేవి) నా బాధ్యత. ఈ కాలంలో వెళ్లిన రిలీజులు ఇన్ని, పరీక్షల వల్ల వాయిదా పడినవి ఇన్ని, కస్టమర్ దగ్గర బయటపడిన లోపాలు ఇన్ని. కొత్తగా చేరిన ఇద్దరికి శిక్షణ ఇచ్చాను, వారు సొంతంగా పని అందుకున్న తేదీలు ఇవి." ఆ పనులు నమోదైన టికెట్ నంబర్లు జతచేయండి. పాత మేనేజర్ మెయిల్ ఏదైనా ఉంటే అదీ.

రేటింగ్ వివాదాన్నీ జీతం తేడానూ ఒకే పెట్టెలో పోయకండి. జీతం సవరణకు విడిగా మెయిల్ రాయండి, మీ పాత్రకు ఉన్న జీతశ్రేణిలో మీరు ఎక్కడున్నారో చెప్పమని అడగండి. ఆ అమ్మాయి పేరు ఎత్తకండి, ఎత్తితే చర్చ ఆమె మీదికి మళ్లుతుంది.

పాతఫైలు

ఇంకోటి. వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కు పెట్టుకో అమ్మా. అధికారి మారినప్పుడల్లా, వెళ్లిపోయే ఆయన దగ్గర రెండు వాక్యాలు రాయించుకో. మా ఏపీఏఆర్‌లో ఒక అధికారి కింద కనీసం మూడు నెలలు పనిచేస్తేనే ఆయన రాయడానికి అర్హుడు. మీ దగ్గర అలాంటి నియమం ఉందో లేదో, ఆ పని నువ్వే చేసుకో.

రెండోషిఫ్టు

కేకులు కూడా వేరేవారికి అప్పగించండి.

తుమ్మెద

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. శుక్రవారం పసుపుకొమ్ము గారు చెప్పినట్టే రాసి పంపాను. మేనేజర్ పైనున్న ఆవిడ పిలిచి గంటసేపు మాట్లాడారు. రేటింగ్ మార్చలేదు, ఈ ఏడాది షీటు మూసేశారట. జీతశ్రేణిలో నేను అట్టడుగున ఉన్నట్టు ఆవిడే స్క్రీన్ తిప్పి చూపించారు. అక్టోబరులో సవరణల జాబితాలో నా పేరు పెడతామన్నారు. ఆ మాటను మెయిల్‌లో పంపమని అడిగాను, పంపారు. కేకుల పని కొత్తగా వచ్చిన అబ్బాయికి ఇచ్చాను, బాగానే చేస్తున్నాడు, అప్పుడే అందరూ మెచ్చుకుంటున్నారు కూడా!

శనివారం ఒకచోట ఇంటర్వ్యూ ఉంది. ఎలాగూ ఎంత పలుకుతానో తెలుసుకుందామని.

మిర్చిబజ్జీ

టెస్టింగ్ ఆటోమేషనా? మా దగ్గరా ఖాళీలున్నాయి, రెజ్యూమె పంపండి. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు?

తుమ్మెద

తొంభై.

మిర్చిబజ్జీ

అయితే అక్టోబరు మెయిల్ వచ్చేదాకా చూసి, అప్పుడు పంపండి. రెండూ చేతిలో పెట్టుకుని బేరమాడుదురు గాని.